ఎర్రబడిన మడుగు

కిరణజన్య సంయోగక్రియ. తెలుగు మాధ్యమంలో చదువుకున్న వారెవరికైనా ఈ మాట చెవిన పడగానే ఒక వాక్యం తనంతట తానే నోటికి వచ్చేస్తుంది: మొక్కలు సూర్యరశ్మి సమక్షంలో, పత్రహరితం సాయంతో, బొగ్గుపులుసు వాయువును నీటితో కలిపి పిండిపదార్థం తయారుచేసుకుని, ప్రాణవాయువును విడుదల చేస్తాయి. పరీక్షలలో తప్పకుండా వచ్చే ప్రశ్న. బొమ్మ వేస్తే మరో మార్కు. బీకరులో హైడ్రిల్లా మొక్క, దాని మీద బోర్లించిన గరాటు, గరాటు మీద పరీక్షనాళిక, అందులో పైకి తేలే బుడగలు.

ఆ వాక్యంలో అసత్యమేమీ లేదు. కానీ "ప్రాణవాయువును విడుదల చేస్తాయి" అన్న చివరి ముక్క దాదాపు యాభై ఏళ్ళపాటు మహామహులైన శాస్త్రజ్ఞులను తికమకపెట్టింది. వెలుగే ఆధారంగా బ్రతుకుతూ ప్రాణవాయువును మాత్రం వదలని జీవులు ఈ భూమి మీద ఉన్నాయి. అవి ఆకుపచ్చగా కాక ఎక్కువగా ఊదాగా, ఎర్రగా, గోధుమవన్నెగా ఉంటాయి. మొక్కలన్నవి పుట్టకముందే పుట్టిన బాక్టీరియా అవి. వాటిని మనుషులు ఎలా గుర్తుపట్టారన్న కథ నాకు చాలాకాలంగా ఇష్టమైన కథలలో ఒకటి. ఆ ఇష్టానికి కారణం మా ఊరి మడుగు.

మాది జగ్గయ్యపేటకూ నందిగామకూ నడుమనున్న మెట్ట పల్లె. కృష్ణా జిల్లా అనగానే అందరి కళ్ళముందూ మెదిలే పచ్చని డెల్టా మాది కాదు. 2022లో జిల్లాలను విడదీసిన తరువాత కాగితాల మీద కూడా మేము కృష్ణా జిల్లా వాళ్ళం కాము, ఎన్టీఆర్ జిల్లా వాళ్ళం. సున్నపురాయి నేల, సిమెంటు కర్మాగారాల పొగగొట్టాలు, పత్తి, మిరప, వర్షాకాలంలో పొంగి వేసవిలో ఇసుక తేలే మునేరు. సాగర్ ఎడమ కాలువ నీరు అందినచోట వరి. నా చిన్నతనంలో చేలగట్ల వెంబడి గోగు, అక్కడక్కడా జనుము వేసేవారు. పైరు కోసి, కట్టలు కట్టి, ఊరి చివరి మడుగులో ముంచి, తేలకుండా పైన రాళ్ళూ మట్టిపెళ్ళలూ పెట్టేవారు. కొన్నాళ్ళకు కాడ కుళ్ళి నార విడివడేది. పలుపులకూ మోకులకూ ఆ నారే.

ఆ రోజులలో మడుగు వైపు వెళ్ళాలంటే ముక్కు మూసుకోవలసిందే. మురిగిన కోడిగుడ్డు కంపు. నీరు మొదట నల్లబడేది. ఆ తరువాత, గాలికి అలలు లేచే నడిమి భాగంలో కాదు, కట్టల సందున కదలకుండా నిలిచిన నీటిలో ఒక రంగు దిగేది. కుంకుమ కలిపిన నీళ్ళ రంగు అనాలో, వంకాయ తొక్క ఉడికించిన నీళ్ళ రంగు అనాలో ఇప్పటికీ తేల్చుకోలేను. ఒకసారి మా మేనమామను అడిగాను.

"మావయ్యా, ఈ నీళ్ళకి ఈ రంగెక్కడిది?"

"నార ఊరితే అంతేరా అబ్బాయ్. ఆ రంగు దిగిందంటే ఇంక రెండు మూడు రోజుల్లో నార తీసుకోవచ్చు."

ఆయనకు అది రంగు కాదు, గడియారం. నాకు మాత్రం ఆ జవాబు చాలలేదు. చాలే జవాబు దొరకడానికి పాతికేళ్ళు పట్టింది.

పాశ్చాత్య దేశాలలో కూడా ఇటువంటి ఎర్రనీరు అందరూ చూసినదే. జర్మనీకి చెందిన ఎహ్రెన్‌బర్గ్ 1838లో వెలువరించిన బృహద్గ్రంథంలో ఇటువంటి ఎర్రని సూక్ష్మజీవి ఒకదానికి ఓకెన్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడి పేరు మీదుగా మోనాస్ ఓకెని అని పేరు పెట్టాడు. ఆయన దృష్టిలో అది ఒక అతి చిన్న జంతువు. 1873లో ఇంగ్లాండులో రే లాంకెస్టర్ తాను చూసినదాన్ని పీచుపండు రంగు బాక్టీరియం అన్నాడు, దానిలోని రంగుపదార్థానికి బాక్టీరియోపర్పురిన్ అని పేరు పెట్టాడు. పేర్లు పుట్టాయి కాని, ఆ రంగు ఎందుకన్న ప్రశ్న పుట్టలేదు.

ఆ ప్రశ్న వేసినవాడు థియోడోర్ ఎంగెల్మన్. ఉట్రెక్ట్‌లో శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. సంగీతప్రియుడు కూడా, ప్రఖ్యాత స్వరకర్త బ్రామ్స్ తన తంత్రీవాద్య చతుష్టయాలలో ఒకదాన్ని ఈయనకే అంకితమిచ్చాడు. 1883లో ఎంగెల్మన్ సూక్ష్మదర్శిని కింద ఎర్ర బాక్టీరియా ఉన్న నీటిచుక్కను పెట్టి, దాని మీద ఒక చిన్న వెలుగుమచ్చ పడేటట్లు చేశాడు. వెలుగులో ఈదుతున్న బాక్టీరియం చీకటి అంచుకు రాగానే ఉలిక్కిపడి వెనక్కు తగ్గేది, నీడను చూసి బెదిరిన ఎద్దులాగా. బయటినుంచి లోపలికి వచ్చేవి నిరాటంకంగా వచ్చేవి. లోపలివి మాత్రం బయటికి పోలేకపోయేవి. కొంతసేపటికి ఆ వెలుగుమచ్చ ఒక బోను అయ్యింది. ఎంగెల్మన్ దానికి వెలుగును కొలిచే బాక్టీరియం అని అర్థం వచ్చేటట్లు బాక్టీరియం ఫోటోమెట్రికం అని పేరు పెట్టాడు.

అంతటితో ఆగలేదు. వెలుగును పట్టకంతో విడదీసి, ఆ చిన్న ఇంద్రధనుస్సును నీటిచుక్క మీద పరిచాడు. బాక్టీరియా ఏ రంగు దగ్గర ఎక్కువగా గుమిగూడతాయో చూద్దామని ఆయన ఉద్దేశం. అవి అన్నిటికన్నా దట్టంగా పోగుపడిన చోట ఆయనకు ఏ రంగూ కనిపించలేదు. ఎరుపు అయిపోయిన తరువాత, మన కంటికి చీకటిగా ఉండే పరారుణ ప్రాంతమది. మనిషి చూడలేని వెలుగును ఆ జీవి చూస్తోంది, వాడుకుంటోంది. ఎందుకలాగో ఇప్పుడు తేలికగా చెప్పవచ్చు. మడుగులో పైన తేలే నాచు కంటికి కనబడే వెలుగులో తనకు కావలసినది తీసేసుకుంటుంది; పరారుణం దానికి అక్కరలేదు. పెళ్ళిభోజనంలో మొదటి బంతి లేచాక మిగిలినదానితో తృప్తిగా భోంచేసే రెండవ బంతివాళ్ళు ఈ ఊదారంగు బాక్టీరియా. వీటిలోని పత్రహరితం మొక్కల పత్రహరితానికి దాయాదే కాని, ఎక్కువగా పీల్చుకునేది 800 నుంచి 900 నానోమీటర్ల దరిదాపులలోని కిరణాలను. మన కన్ను ఇంచుమించు 700 దగ్గరే చేతులెత్తేస్తుంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. వెలుగును వాడుకుంటోందంటే అది కిరణజన్య సంయోగక్రియ కావాలి. అది అయితే ప్రాణవాయువు రావాలి. మొదట ఎంగెల్మన్‌కు ప్రాణవాయువు జాడ దొరకలేదు. 1888 నాటికి దొరికిందని ప్రకటించాడు. అబద్ధమాడే మనిషి కాడు. నిర్వచనం అంత బలమైనది, అంతే. సరిగ్గా ఆ కాలంలోనే రష్యనైన వినోగ్రాడ్‌స్కీ గంధకపు బాక్టీరియాను పరిశీలిస్తూ, ఈ ఎర్రజీవులు హైడ్రోజన్ సల్ఫైడును, అంటే ఆ మురిగిన గుడ్డు వాసన వాయువును, లోపలికి తీసుకుని ఒంట్లో గంధకం గుళికలుగా దాచుకోవడం చూశాడు. ఇవి బ్రతికేది గంధకం మీద అన్నాడు. వెలుగు మీద అని ఒకరు, గంధకం మీద అని ఒకరు. 1907లో హాన్స్ మోలిష్ ఈ బాక్టీరియా మీద ఒక పూర్తి పుస్తకమే రాసి, ఇవి ప్రాణవాయువును వదలనే వదలవని తేల్చాడు. (ఈ మోలిష్ తరువాత కలకత్తాకు వచ్చి 1928-29లో జగదీశ్ చంద్ర బోసు సంస్థలో కొంతకాలం ఉన్నాడు; మన దేశం గురించి పుస్తకం కూడా రాశాడు.) ప్రాణవాయువు రాదన్నారు, సరే. అయితే ఇది కిరణజన్య సంయోగక్రియ అవునా, కాదా? 1919లో బూడర్ అనే ఆయన వెలుగూ గంధకమూ రెండూ కావాలేమోనన్న ఆలోచనకు వచ్చాడు. కాని లెక్క కట్టి చూపించినవారు లేరు.

లెక్క కట్టినవాడు కార్నెలిస్ వాన్ నీల్. 1897లో హాలెండులో పుట్టి, డెల్ఫ్ట్‌లో క్లూవర్ దగ్గర చదువుకుని, అక్కడి నుంచి కాలిఫోర్నియా సముద్రతీరాన పసిఫిక్ గ్రోవ్‌లోని హాప్కిన్స్ కేంద్రానికి చేరాడు. ఆయన చేసిన పని వినడానికి చాలా సాదాగా ఉంటుంది. గాజు బిరడా సీసాను లవణాల ద్రావణంతో గాలిబుడగ మిగలకుండా అంచు వరకు నింపడం, అందులో బైకార్బొనేటు, కొలిచి వేసిన సల్ఫైడు, కాసింత బాక్టీరియా. దీపం ముందు పెట్టడం. చీకటిలో పెరగలేదు. సల్ఫైడు లేకపోతే వెలుగులోనూ పెరగలేదు. రెండూ ఉంటే పెరిగాయి, ప్రాణవాయువు మాత్రం రాలేదు. ఎంత సల్ఫైడు ఖర్చయితే అంత నిష్పత్తిలో బొగ్గుపులుసు వాయువు జీవపదార్థంగా మారింది. లెక్క సరిపోయింది.

1931లో అచ్చయిన ఆ పరిశోధన నుంచి వాన్ నీల్ లాగిన తీగ చాలా పొడవైనది. ఈ బాక్టీరియా బొగ్గుపులుసు వాయువుకు హైడ్రోజన్‌ను జతచేస్తున్నాయి. ఆ హైడ్రోజన్ వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడు నుంచి, మిగిలిపోయేది గంధకం. మొక్కలు కూడా ఇదే పని చేస్తున్నాయనుకుందాం. వాటికి హైడ్రోజన్ ఇచ్చేది నీరు. మిగిలిపోయేది? ప్రాణవాయువు. అంటే హైడ్రిల్లా బుడగలలోని ప్రాణవాయువు బొగ్గుపులుసు వాయువు విరిగితే వచ్చినది కాదు, నీరు విరిగితే వచ్చినది. అంతవరకు ఎక్కువమంది నమ్ముతున్నది మొదటిదే. 1941లో రూబెన్, కామెన్ ప్రభృతులు బరువైన ఆక్సిజన్ కలిగిన నీటితో ప్రయోగం చేసి వాన్ నీల్ మాటను బలపరిచారు. మనం పీల్చే ప్రాణవాయువు ఎక్కడిదో తెలియజెప్పింది దాన్ని ఎన్నడూ వదలని ఒక బాక్టీరియా!

ఆయన చెప్పినవన్నీ నిలిచాయని కాదు. ఈ బాక్టీరియాలో కూడా వెలుగు ముందు నీటినే విరగగొడుతుందని వాన్ నీల్ చాలా ఏళ్ళు భావించాడు. తరువాత ఆయనే ఆ భావనను వదులుకున్నాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది ఆ సంగతి చదివినప్పుడే.

తరువాతి కథను పరుగున చెప్పేస్తాను. 1949లో గెస్ట్, కామెన్ ఈ జాతివాటిలో ఒకటి వెలుగులో హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుందని కనుగొన్నారు. 1988లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి ముగ్గురు జర్మన్లకు వచ్చింది. వాళ్ళు అణువు అణువుగా ఆకృతి గీసి చూపిన ప్రకాశ చర్యాకేంద్రం ఒక ఊదారంగు బాక్టీరియాదే.

ఇదంతా చదివాక ఊరుకోలేక, ఒక వేసవిలో ఊరు వెళ్ళినప్పుడు వినోగ్రాడ్‌స్కీ పేరు మీద చలామణిలో ఉన్న సీసా ప్రయోగం చేశాను. మడుగు అడుగున ఉన్న నల్లమట్టి, చింపిన వార్తాపత్రిక ముక్కలు, గుప్పెడు జిప్సం. జిప్సం కోసం ఎక్కువ వెతకనక్కరలేదు. వేరుశనగకు వేసేదే ఎరువుల కొట్టులో దొరుకుతుంది. మా ప్రాంతపు సిమెంటులో కలిపేదీ అదే. అన్నీ ఒక పాత పచ్చడి సీసాలో కూరి, పైన మడుగు నీరు పోసి, మూత బిగించి, ఉత్తరపు కిటికీలో పెట్టాను.

మొదటి వారం బుడగలు. రెండవ వారానికి అడుగు నల్లబడింది. కాగితాన్ని కుళ్ళబెట్టే బాక్టీరియా ఒక రకం. అవి మిగిల్చినదాన్ని తింటూ జిప్సంలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చేవి మరో రకం. ఆ సల్ఫైడు మట్టిలోని ఇనుముతో కలిస్తే ఆ నలుపు. నెల తిరిగేసరికి అడుగున ఆకుపచ్చ గంధకపు బాక్టీరియా పొర, దాని మీద ఊదా పొర. ఆకుపచ్చవి సల్ఫైడును ఎక్కువగా తట్టుకుంటాయి, తక్కువ వెలుగుతో సరిపెట్టుకుంటాయి, కనుక కింద ఉంటాయి. కిటికీ వైపే రంగులు. గోడ వైపు ఉత్త నలుపు. సీసాను తిప్పి పెడితే కొన్నాళ్ళకు రంగు కూడా తిరిగివచ్చింది. వెలుగు కావాలన్న ఎంగెల్మన్, గంధకం కావాలన్న వినోగ్రాడ్‌స్కీ ఇద్దరూ ఆ పచ్చడి సీసాలో రాజీపడి కూర్చున్నారు. మా మేనమామ అప్పటికి బాగా పెద్దవాడయ్యాడు. సీసాను చేతిలోకి తీసుకుని వెలుగుకు ఎత్తి చూసి, "నార తియ్యొచ్చురా" అన్నాడు.

ఈ చరిత్రలో తెలుగువారి అధ్యాయం గురించి మనలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. రోడోబాక్టర్ స్ఫీరాయిడిస్ అనే ఊదా బాక్టీరియాలో ఓ.యు. 001 అనే పేరుగల ఒక వంశం ఉంది. ఓ.యు. అంటే ఉస్మానియా విశ్వవిద్యాలయమే. అక్కడ శశికళ, వెంకట రమణ, వారి ఆచార్యులు రఘువీర్ రావు కలిసి ఈ బాక్టీరియాతో వెలుగులో హైడ్రోజన్ తీయడం మీద పనిచేశారు. 1991లో వ్యాసాలు వెలువడ్డాయి, 1993లో ఈ రంగం మొత్తాన్ని సమీక్షించే పెద్ద వ్యాసం వచ్చింది. ఆ ఓ.యు. 001 జర్మనీలోని బాక్టీరియా భాండాగారంలో 5864వ సంఖ్యతో భద్రంగా ఉంది. అక్కడితో ఆగక టర్కీ దాకా వెళ్ళింది. అంకారాలోని మధ్యప్రాచ్య సాంకేతిక విశ్వవిద్యాలయంలో హైడ్రోజన్ మీద ఏళ్ళ తరబడి జరిగిన పరిశోధనలకు అదే ఆధారం. మన తార్నాక పేరు ఎన్నడూ వినని విద్యార్థులు ఓ.యు. అన్న రెండక్షరాలను వందలసార్లు రాసి ఉంటారు.

తరువాత చింతలపాటి శశికళ హైదరాబాదు జె.ఎన్.టి.యు.లో, చింతలపాటి వెంకట రమణ హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఉంటూ, శిష్యులతో కలిసి, ఈ తరహా బాక్టీరియాలో కొత్త జాతులను పదుల సంఖ్యలో లోకానికి పరిచయం చేశారు. పేర్లు వినండి. 2006లో రూబ్రివైవాక్స్ బెంజోయాటిలైటికస్; ఇది దొరికింది వరిమడి మట్టిలో. 2007లో మారిక్రొమేషియం భీమ్లికం. భీమిలి రొయ్యల, చేపల సాగు చెరువుల వైపు నుంచి. అదే ఏడు థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్, రోడోవ్యులం విశాఖపట్నమెన్సే. హిమాలయాలలోని చాంగ్లా కనుమ పేరు మీద రోడోబాక్టర్ చాంగ్లెన్సిస్. లాటిన్ తోకలు తగిలించుకున్న మన ఊళ్ళ పేర్లు చదువుతుంటే నాకు కలిగే ఆనందం కాస్త చిన్నపిల్లల ఆనందమే, ఒప్పుకుంటాను. వీటిలో కొన్ని పేర్లు ఆపైన మారాయి. రోడోబాక్టర్ జాతిని విడదీసి పునర్విభజించాలని 2019లో ప్రతిపాదించినవారిలో శశికళ, రమణ ఉన్నారు. తమ చేతులతో పేరు పెట్టిన పిల్లలకు తామే ఇంటిపేరు మార్చడమన్నమాట.

కొత్త బాక్టీరియాకు పేరు చెల్లాలంటే ఒక నియమం ఉంది. దాని సజీవమైన నమూనాను కనీసం రెండు దేశాలలోని రెండు భాండాగారాలలో దాచాలి. అందువల్ల మన వరిమడి బాక్టీరియా విదేశాలలో గడ్డకట్టిన నిద్రలో ఉంటాయి. మా ప్రాంతానికి ఇది కొత్త అనుభవమేమీ కాదు. ఒకప్పటి బేతవోలుకు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు పెట్టి జగ్గయ్యపేటగా మార్చాడు. ఆ పేట పక్కనున్న ధనంబోడు గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో బర్జెస్ తవ్వించాడు. ఎంగెల్మన్ వెలుగుమచ్చ ప్రయోగానికి సరిగ్గా ఏడాది ముందు. అక్కడి చెక్కడపు పలకలు మద్రాసు మ్యూజియానికి వెళ్ళాయి. వాటిని చూడాలంటే మేము మద్రాసు రైలెక్కాలి. అయినా అవి పోలేదు కదా, ఉన్నాయి కదా అని సరిపెట్టుకుంటాను. భాండాగారానికి చేరిన బాక్టీరియా సంగతీ అంతే. చేరనివాటి సంగతి వేరు.

మా మడుగు ఏ భాండాగారానికీ చేరలేదు. నైలాను తాళ్ళు వచ్చాక గోగు వేయడం మానేశారు. మడుగులో గేదెలు పడుకునేవి, తరువాత గేదెలూ తగ్గాయి. హైదరాబాదు-విజయవాడ రహదారికి దగ్గర కావడంతో ఆ నేలకు ధర వచ్చింది. టిప్పర్లతో ఎర్రమట్టి తోలి పూడ్చి, రాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. పూడ్చినవారిని నేనేమీ అనలేను. అందులో ఒక ప్లాటు మా బంధువులదే. అమ్మేవాడికీ కొనేవాడికీ అది మురుగుగుంట. ఇల్లు కట్టే చోట నీళ్ళు నిలవకూడదన్నది ఎవరికైనా న్యాయంగానే తోస్తుంది. అక్కడ నిలిచిన నీటిలో ఏ జాతులు ఉండేవో, వాటిలో పేరు లేనిదేదైనా ఉండేదో, ఒక్కరోజు, ఒక్క సీసా మట్టితో ఎవరైనా చూసి ఉండవచ్చు. జగ్గయ్యపేటెన్సిస్ అన్న పేరును నేను అప్పుడప్పుడూ పైకి పలికి చూసుకుంటాను. నోరు తిరగదు కాని, కాకినాడెన్సిస్ కన్నా అధ్వాన్నంగా ఏమీ లేదు.

నా పచ్చడి సీసా ఇంకా ఉంది. ఆకుపచ్చ పొర పలచబడింది, ఊదా పొర కిటికీ వైపు నిలబడే ఉంది. మొన్న వానలకు వెళ్ళినప్పుడు ప్లాట్లలో ఒకచోట పునాదికని తవ్వి వదిలేసిన గుంట కనిపించింది. నీళ్ళు నిండి, ఆకులు రాలి, అడుగు నల్లబడి ఉంది. కంపు కూడా మొదలైంది. ఇటుకల నీడ పడే మూలన నీటి అంచు లేత గులాబీగా ఉంది.